తెల్ల కాలనీ కనిపించగానే అయిపోదు: రీకాంబినెంట్ బాక్టీరియాను ల్యాబ్‌లో గుర్తించే పద్ధతులు

లైగేషన్ మిశ్రమాన్ని (ప్లాస్మిడ్ అనే గుండ్రటి చిన్న డీఎన్‌ఏలో మనకు కావలసిన డీఎన్‌ఏ ముక్కను లైగేజ్ ఎంజైముతో అతికించిన మిశ్రమం) ఈ. కోలై బాక్టీరియాలోకి ఎక్కించి ప్లేటు మీద పరిస్తే మర్నాడు పొద్దునకల్లా కాలనీలు వచ్చేస్తాయి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ కాలనీల్లో ఖాళీ ప్లాస్మిడ్ దూరినవి ఉంటాయి, చివరలు చెడిపోయి ఎలాగోలా అతుక్కున్న ప్లాస్మిడ్ ఉన్నవి ఉంటాయి, ముక్క తిరగబడి అతుక్కున్నవి ఉంటాయి, అసలు ప్లాస్మిడే లేకుండా పక్క కాలనీ నీడన బతికేస్తున్నవి కూడా ఉంటాయి. మనకు కావలసినవి, అంటే ముక్క సరిగ్గా చేరిన రీకాంబినెంట్లు, వీటి మధ్యలో ఎక్కడో ఉంటాయి.

వాటిని పట్టుకోవడానికి ఉన్న పరీక్షలు ఒక్కొక్కటీ ఒక్క ప్రశ్నకే జవాబిస్తాయి. ప్లాస్మిడ్‌లో ఆంపిసిలిన్ అనే యాంటీబయోటిక్‌ను తట్టుకునే జన్యువు ఉంటుంది కాబట్టి, ఆంపిసిలిన్ కలిపిన ప్లేటు ప్లాస్మిడ్ లోపలికి వెళ్ళిందా లేదా అన్నదే చెబుతుంది. ఎక్స్‌-గాల్ అనే పదార్థం ఉన్న ప్లేటు మీద కాలనీ రంగు, నీలమో తెలుపో, చెప్పేది లాక్‌జెడ్ జన్యువు తెగిందా లేదా అన్నంతవరకే. పీసీఆర్ మధ్యలో చేరిన ముక్క పొడవు చెబుతుంది, డీఎన్‌ఏను నిర్ణీత చోట్ల కోసే ఎంజైములతో చేసే రెస్ట్రిక్షన్ డైజెషన్ కోత స్థానాలు చూపిస్తుంది. అక్షరం అక్షరం చెప్పేది సీక్వెన్సింగ్ ఒక్కటే. ప్రాక్టికల్ రికార్డుల్లో ఎక్కువగా కనిపించే తప్పు, రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును ఐదో ప్రశ్నకు జవాబుగా రాసేయడం.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి కింద అంతటా ఒకటే ఉదాహరణ తీసుకుందాం. వెక్టర్, అంటే ముక్కను మోసే ప్లాస్మిడ్, పీయూసీ19; పొడవు 2,686 బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు). ముక్క 700 బేస్ జతలు, ఒక చివర ఈకోఆర్‌1, ఇంకో చివర హిండ్‌3 ఎంజైముతో కోసింది. హోస్ట్, అంటే ప్లాస్మిడ్‌ను ఎక్కించే ఈ. కోలై రకం, డీహెచ్5 ఆల్ఫా. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిగ్రీ, పీజీ ల్యాబుల్లో ఉండే ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, పీసీఆర్ మెషీన్, జెల్ ట్యాంక్, మైనస్ 20 ఫ్రీజర్‌తో ఇదంతా చేయొచ్చు. సీక్వెన్సింగ్ ఒక్కదానికి హైదరాబాద్ పంపాలి.

హోస్ట్ సరిపోకపోతే రంగు అబద్ధం చెబుతుంది

నీలం–తెలుపు పరీక్షకు ప్లాస్మిడ్ ఒక్కటే చాలదు. పీయూసీ19లో ఉన్నది లాక్‌జెడ్ జన్యువులో మొదటి భాగం, అంటే ఆల్ఫా ముక్క మాత్రమే. మిగతా భాగాన్ని హోస్ట్ అందించాలి. లాక్‌జెడ్ డెల్టా ఎం15 అనే లోపం ఉన్న హోస్టులే ఆ పని చేస్తాయి: డీహెచ్5 ఆల్ఫా, జేఎం109, ఎక్స్ఎల్1 బ్లూ, టాప్10 లాంటివి. రెండు భాగాలూ కలిస్తేనే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. అది ఎక్స్‌-గాల్‌ను విడగొడితే కాలనీ నీలం; మన ముక్క మధ్యలో చేరి ఆల్ఫా ముక్క తెగితే తెలుపు.

ప్రోటీన్ తీయడానికి తెచ్చిన బీఎల్21 ల్యాబ్‌లో ఉంది కదా అని దాన్నే వాడితే ప్లేటంతా నీలమే వస్తుంది, ఎందుకంటే దాని క్రోమోజోములో లాక్‌జెడ్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది. జేఎం109లో సరిగ్గా దీనికి తిరగేసిన చిక్కు. అందులో డెల్టా ఎం15 ఎఫ్ అనే వేరే ప్లాస్మిడ్ మీద ఉంటుంది. పదే పదే ఎల్‌బీ మీదే సబ్‌కల్చర్ చేస్తూపోతే ఆ ఎఫ్ జారిపోయి, ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న కాలనీలు కూడా తెల్లగా వస్తాయి. జేఎం109 స్టాకును గ్లూకోజ్, థయమిన్ కలిపిన ఎం9 మినిమల్ మీడియం మీద నిలుపుకోవాలి. ఎక్స్ఎల్1 బ్లూలో ఎఫ్ మీద టెట్రాసైక్లిన్ నిరోధకత కూడా ఉంటుంది కాబట్టి, కింద చెప్పే పీబీఆర్322 పరీక్షకు అది పనికిరాదు.

ఇంకో తేడా కూడా ఉంది. జేఎం109లో, ఎక్స్ఎల్1 బ్లూలో లాక్ జన్యువులను అణచే లాక్ రిప్రెసర్ మోతాదు ఎక్కువ, కాబట్టి ఆ అణచివేతను తీసేసే ఐపీటీజీ వేయాల్సిందే. డీహెచ్5 ఆల్ఫాకు అది తప్పనిసరి కాదు. డబ్బు తక్కువున్న ల్యాబ్ డీహెచ్5 ఆల్ఫా వాడుకుని ఐపీటీజీ ఖర్చు మిగుల్చుకోవచ్చు.

ఇక్కడి నీళ్ళు, ఇక్కడి ఎండ

నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దానికి తోడు ఉప్పులు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ నీళ్ళు తాగడానికి మంచివి, మీడియాకు కావు. క్లోరిన్ కలిసిన నల్లా నీళ్ళదీ అదే సంగతి. నీళ్ళలో మెగ్నీషియం ఎక్కువుంటే టెట్రాసైక్లిన్ దాన్ని పట్టుకుని బలం కోల్పోతుంది, చావాల్సిన కణాలు బతుకుతాయి. కాబట్టి మీడియాకు డిస్టిల్డ్ వాటర్, పీసీఆర్‌కు, ఎంజైములకు కొనుక్కొచ్చిన న్యూక్లియేజ్ లేని నీళ్ళు. డిస్టిలేషన్ యూనిట్ హీటర్ మీద తెల్లటి పొర కట్టిందంటే యూనిట్‌ను సిట్రిక్ యాసిడ్‌తో కడిగించండి.

ఏప్రిల్, మే నెలల్లో గది 40 డిగ్రీలు దాటితే మామూలు ఇంక్యుబేటర్ 37 దగ్గర నిలబడదు. దానిలో వేడి చేసే కాయిల్ మాత్రమే ఉంటుంది, చల్లబరిచేది ఉండదు. డిస్‌ప్లే మీద 37 అని సెట్ చేసినా లోపల 41, 42 దాకా పోవచ్చు, అప్పుడు కాలనీలు సన్నగా వస్తాయి, రంగు సరిగ్గా తేలదు. లోపల ఒక బీకరులో నీళ్ళు పోసి థర్మామీటర్ పెట్టి చూడండి, లేదా ఇంక్యుబేటర్‌ను ఏసీ గదిలోకి మార్చండి. ట్రాన్స్‌ఫార్మేషన్‌కు బజారు ఐసు పనికొస్తుంది కానీ దంచిన ఐసులో కొంచెం నీళ్ళు పోసి గుజ్జులా చేయాలి, లేకపోతే ట్యూబు గోడలకు చలి అందదు. ఉప్పు వేయకండి, సున్నా కిందికి పోయి కణాలు గడ్డకడతాయి.

మైనస్ 80 ఫ్రీజర్ లేకపోతే కాంపిటెంట్ కణాలను (బయటి డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా తయారుచేసిన కణాలను) అప్పటికప్పుడు కాల్షియం క్లోరైడ్‌తో చేసుకోవడమే మేలు. వాటిని 4 డిగ్రీల దగ్గర అదే కాల్షియం క్లోరైడ్‌లో 12 నుంచి 24 గంటలు ఉంచితే సామర్థ్యం పెరుగుతుంది కూడా. ఇది 1979 నుంచి తెలిసిన విషయం. ఆ తర్వాత మళ్ళీ పడిపోతుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే మైనస్ 20 ఫ్రీజర్‌లో దాచిన కణాలను నమ్ముకోవద్దు.

ప్లేట్లు

ఎల్‌బీ అగర్‌కు లీటరుకు ట్రిప్టోన్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, సోడియం క్లోరైడ్ 10, అగర్ 15. 250 మి.లీ. చేస్తే ఒక్కోదానిలో 20 మి.లీ. చొప్పున 12 ప్లేట్లు వస్తాయి. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, 55 డిగ్రీల వాటర్ బాత్‌లో అరగంట ఉంచండి. ఎండాకాలం గదిలో వదిలేసి "చల్లారిందిలే" అనుకుని ఆంపిసిలిన్ పోసేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. వేడి అగర్‌లో ఆంపిసిలిన్ విరిగిపోతుంది, మర్నాడు ప్లేటంతా ఒకటే పరుపు. ఫ్లాస్కును చేత్తో ఇబ్బంది లేకుండా పట్టుకోగలిగినప్పుడే కలపాలి.

ఆంపిసిలిన్ స్టాక్ మి.లీ.కి 100 మిల్లీగ్రాములు: సోడియం సాల్ట్ 1 గ్రాము 10 మి.లీ. నీళ్ళలో కరిగించి 0.22 మైక్రాన్ ఫిల్టరుతో వడగట్టి, 1 మి.లీ. చొప్పున చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో పెట్టండి. కొనేటప్పుడు సోడియం సాల్టేనా అని లేబుల్ చూడాలి, ఆమ్ల రూపంలో ఉన్నది నీళ్ళలో సరిగ్గా కరగదు. 250 మి.లీ. అగర్‌కు 250 మైక్రోలీటర్లు వేస్తే మి.లీ.కి 100 మైక్రోగ్రాములు అవుతుంది. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్ళీ మళ్ళీ గడ్డకట్టించొద్దు.

ఎక్స్‌-గాల్ నీళ్ళలో కరగదు. 100 మిల్లీగ్రాములు 5 మి.లీ. డైమిథైల్ ఫార్మమైడ్‌లో కరిగిస్తే మి.లీ.కి 20 మిల్లీగ్రాముల స్టాక్ వస్తుంది. ఈ ద్రావణి చర్మం గుండా లోపలికి పోతుంది, పాలీస్టైరీన్ ట్యూబులను కరిగిస్తుంది. గాజు లేదా పాలీప్రొపిలీన్ ట్యూబు వాడి, పని ఫ్యూమ్ హుడ్‌లో చేయండి. ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి మైనస్ 20లో పెట్టండి. స్టాకు రంగు తిరిగితే పారేయండి. ప్లేటుకు 40 మైక్రోలీటర్లు, అంటే 0.8 మిల్లీగ్రాములు వేస్తాం. ఆ లెక్కన 100 మిల్లీగ్రాముల సీసాతో 125 ప్లేట్లు. ఐపీటీజీ 100 మిల్లీమోలార్ స్టాక్ నుంచి మరో 40 మైక్రోలీటర్లు. ఈ రెండింటినీ 100 మైక్రోలీటర్ల ఎల్‌బీలో కలిపి అప్పుడు పరచండి, నేరుగా పరిస్తే ఒక మూల గట్టిగా, ఒక మూల పల్చగా పడుతుంది. 37 డిగ్రీల దగ్గర అరగంట ఆరనివ్వాలి. మీడియాలో గ్లూకోజ్ ఉండకూడదు, ఉంటే లాక్ జన్యువులు అణిగిపోయి నీలం రాదు.

ముందు కంట్రోళ్ళు చదవాలి

కాంపిటెంట్ కణాలు 50 మైక్రోలీటర్లు, లైగేషన్ మిశ్రమం 2 నుంచి 5 మైక్రోలీటర్లు. ఐసులో అరగంట, 42 డిగ్రీల దగ్గర 45 సెకన్లు, మళ్ళీ ఐసులో 2 నిమిషాలు. తర్వాత ఎస్ఓసీ అనే మీడియం 950 మైక్రోలీటర్లు పోసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఊపుతూ ఉంచి, 100 మైక్రోలీటర్లు ప్లేటు మీద పరచండి. ఇక్కడి దాకా అందరూ చేస్తారు. పక్కన పెట్టాల్సిన ఐదు ప్లేట్ల దగ్గరే బద్ధకిస్తారు.

ఒకటి, డీఎన్‌ఏ ఏమీ వేయని కణాలు ఆంపిసిలిన్ లేని ప్లేటు మీద: కణాలు బతికున్నాయా లేదా తెలుస్తుంది. రెండు, అవే కణాలు ఆంపిసిలిన్ ప్లేటు మీద: ఒక్క కాలనీ కూడా రాకూడదు, వస్తే ఆంపిసిలిన్ చచ్చిపోయింది. మూడు, కోయని పీయూసీ19 100 పికోగ్రాములు: కణాల సామర్థ్యం తెలుస్తుంది, పైగా వచ్చేవన్నీ నీలంగా ఉండాలి. నాలుగు, కోసిన వెక్టర్, లైగేజ్ లేకుండా: కోతకు దొరకని ప్లాస్మిడ్ ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఐదు, కోసిన వెక్టర్, లైగేజ్‌తో, ముక్క లేకుండా: వెక్టర్ తనకు తాను ఎంత అతుక్కుంటోందో చెబుతుంది.

మూడో ప్లేటు లెక్క ఇలా. 100 పికోగ్రాములు మొత్తం 1 మి.లీ.లో ఉన్నాయి, మనం పరిచింది 100 మైక్రోలీటర్లు, అంటే 10 పికోగ్రాములు. 120 కాలనీలు వస్తే మైక్రోగ్రాముకు 1 కోటి 20 లక్షలు. కాల్షియం క్లోరైడ్ కణాలకు 10 లక్షల నుంచి కోటి దాకా వస్తే మామూలు క్లోనింగుకు చాలు. లక్ష కూడా దాటకపోతే లైగేషన్‌ను తిట్టుకుని లాభం లేదు, కణాలు మళ్ళీ చేసుకోవాలి.

అసలు ప్లేటు విలువ ఐదో ప్లేటును పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ముక్కతో ఉన్న ప్లేటులో 200, ముక్క లేని దానిలో 40 కాలనీలు వచ్చాయంటే, ఐదింట నాలుగు రీకాంబినెంట్లు అని ఆశించొచ్చు, ఐదారు కాలనీలు పరీక్షిస్తే పని అయిపోతుంది. అదే 160, 150 వచ్చాయంటే పీసీఆర్ కారకాలు వృథా చేయకుండా వెక్టర్‌ను మళ్ళీ కోసి జెల్ నుంచి శుద్ధి చేసుకోండి. ఒకే ఎంజైముతో కోసినట్టయితే వెక్టర్ తనకు తాను అతుక్కోకుండా ఆపే ఫాస్ఫటేజ్ వేయండి. నాలుగో ప్లేటు, ఐదో ప్లేటు రెండింటిలోనూ దాదాపు ఒకే సంఖ్య వస్తే సమస్య అతుక్కోవడంలో కాదు, కోతలో ఉంది.

నీలం, తెలుపు, వాటి మధ్యవి

37 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. అంతకు మించి ఉంచొద్దు. తీసిన తర్వాత ప్లేట్లను ఫ్రిజ్‌లో రెండు గంటలు పెడితే నీలం బాగా తేలుతుంది, అప్పుడే తెల్లవాటిని ఎంచుకోవాలి. తొందరపడి పొద్దున్నే ఇంక్యుబేటర్ దగ్గరే ఎంచుకుంటే లేత నీలాలను తెలుపు అనుకుంటారు.

ఈ నీలం నీలిమందు కుటుంబానిదే. ఎంజైము ఎక్స్‌-గాల్‌ను విడగొట్టాక వచ్చే పదార్థానికి రంగు ఉండదు, గాలిలోని ఆక్సిజన్ తగిలి రెండేసి జతకడితేనే నీలమవుతుంది. నీలిమందు తొట్టిలోంచి తీసిన నూలు గాలి తగిలాక నీలం తిరిగేది కూడా ఇందుకే. కాబట్టి ప్లేట్లను పారాఫిల్మ్‌తో బిగించి, పాలిథిన్ సంచిలో మూట కట్టి ఇంక్యుబేటర్లో పెట్టకండి.

ఒక్క ప్లేటును దగ్గరగా పట్టుకుని చూడండి. పెద్ద నీలం కాలనీ చుట్టూ గుండుసూది మొనంత తెల్ల చుక్కలు దండలా కనిపిస్తే అవి శాటిలైట్ కాలనీలు. పెద్ద కాలనీ వదిలే బీటా లాక్టమేజ్ చుట్టూ ఉన్న ఆంపిసిలిన్‌ను విరగ్గొడితే, ప్లాస్మిడ్ లేని కణాలు ఆ జాగాలో మొలిచాయన్న మాట. ప్లాస్మిడ్ లేదు కాబట్టి ఆల్ఫా ముక్క లేదు, అందుకే తెల్లగా ఉన్నాయి. కొత్తవాళ్ళు ఏరుకొచ్చే దొంగ తెలుపుల్లో ఎక్కువ భాగం ఇవే. సైజు, స్థానం రెండూ చూడాలి: వేరుగా, నీలం కాలనీలంత సైజులో ఉన్న తెల్లవే మనకు కావలసినవి. అనుమానముంటే తాజా ఆంపిసిలిన్, ఎక్స్‌-గాల్ ప్లేటు మీద గీయండి, శాటిలైట్ అయితే పెరగదు. ప్లేటును 24 గంటలు వదిలేసినా, ఆంపిసిలిన్ పాతదైనా, కాలనీలు మరీ ఒత్తుగా వచ్చినా శాటిలైట్లు పెరుగుతాయి. ఖర్చు పెట్టగలిగితే ఆంపిసిలిన్ బదులు కార్బెనిసిలిన్ వాడండి, అది అంత త్వరగా విరగదు.

లేత నీలం కాలనీలను కూడా పారేయొద్దు. చేరిన ముక్క చిన్నదై, దాని పొడవు మూడుతో భాగింపబడి, మధ్యలో స్టాప్ కోడాన్ లేకపోతే లాక్‌జెడ్ చదువు తప్పిపోదు, ఎంజైము కొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. 100, 150 బేస్ జతల ముక్కలు క్లోన్ చేసేవాళ్ళు లేత నీలాలను కూడా పీసీఆర్‌కు తీసుకోవాలి.

తెలుపు వచ్చినా ముక్క లేని సందర్భం కూడా ఉంది. కోత ఎంజైములో న్యూక్లియేజ్ కల్తీ ఉంటే వెక్టర్ చివరలు రెండు మూడు బేస్‌లు కొరికేసినట్టవుతాయి. అవి అలాగే అతుక్కుంటే ఫ్రేమ్ మారి తెల్ల కాలనీ వస్తుంది. ఐదో ప్లేటులో శాటిలైట్లు కాని తెల్ల కాలనీలు కనిపించాయంటే కారణం ఎక్కువగా ఇదే.

పీబీఆర్322, మఖ్మల్ గుడ్డ

ఇంటర్ పుస్తకాల్లో ఇన్‌సర్షనల్ ఇన్‌ఆక్టివేషన్ (మధ్యలో ముక్క చేరి జన్యువు పనిచేయకుండా పోవడం) అనగానే వచ్చే బొమ్మ పీబీఆర్322దే. 1977లో బొలివర్, రోడ్రిగెజ్ తదితరులు తయారుచేసిన ఈ 4,361 బేస్ జతల ప్లాస్మిడ్‌లో ఆంపిసిలిన్, టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువులు రెండూ ఉంటాయి. బామ్‌హెచ్1, సాల్1 స్థానాలు టెట్రాసైక్లిన్ జన్యువులో ఉంటాయి, పీఎస్‌టీ1 స్థానం ఆంపిసిలిన్ జన్యువులో. బామ్‌హెచ్1 దగ్గర ముక్క పెడితే రీకాంబినెంట్ ఆంపిసిలిన్ మీద బతుకుతుంది, టెట్రాసైక్లిన్ మీద చస్తుంది. ఇందులో చిక్కేమిటంటే మనకు కావలసినది చచ్చే చోటు వెతకాలి. అందుకే నకలు ప్లేటు అవసరం.

టెట్రాసైక్లిన్ స్టాక్ 70 శాతం ఇథనాల్‌లో మి.లీ.కి 12.5 మిల్లీగ్రాములు, అగర్‌లో లీటరుకు 1 మి.లీ. వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి స్టాకుకీ ప్లేట్లకీ ఫాయిల్ చుట్టాలి. ఈ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ లెడర్లీ ల్యాబ్‌లో బయటపడి 1948లో లోకానికి తెలిసినప్పుడు అక్కడి పరిశోధనకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావే.

నకలు ప్లేటు పద్ధతి లెడర్‌బర్గ్ దంపతులది, 1952 నాటిది. బట్టల కొట్టులో నూలు మఖ్మల్ అడిగి 15 సెం.మీ. చదరపు ముక్కలు కోయించుకోండి, సింథటిక్ మఖ్మల్ తడి సరిగ్గా పట్టదు. గంజి పోయేదాకా ఉతికి, ఫాయిల్‌లో చుట్టి ఆటోక్లేవ్ చేసి ఆరనివ్వాలి. ప్లేటు కన్నా కొంచెం చిన్నదైన గుండ్రటి దిమ్మ మీద గుడ్డ బిగించి, మాస్టర్ ప్లేటును బోర్లించి మెల్లగా ఒకసారి అద్దండి. తర్వాత టెట్రాసైక్లిన్ ప్లేటు, ఆఖరున ఆంపిసిలిన్ ప్లేటు. ఈ వరస మార్చొద్దు. చివరి ఆంపిసిలిన్ ప్లేటు మీద కాలనీ వచ్చిందంటే దాని ముందు టెట్రాసైక్లిన్ ప్లేటుకు కూడా కణాలు అంది ఉంటాయి, అక్కడ రాకపోవడానికి కారణం మందే తప్ప అద్దడంలో లోపం కాదు. మూడు ప్లేట్లకూ అంచున ఒకే చోట మార్కరుతో గీత పెట్టకపోతే శ్రమంతా దండగ.

కాలనీలు వంద లోపే ఉంటే గుడ్డ జోలికి పోకుండా స్టెరైల్ టూత్‌పిక్‌లతో చేయడమే నయం. ప్లేటు అడుగున గళ్ళ కాగితం అంటించి, ఒక్కో కాలనీని ముందు టెట్రాసైక్లిన్ మీద, తర్వాత అదే టూత్‌పిక్‌తో ఆంపిసిలిన్ మీద అదే నంబరు గడిలో తాకించాలి. అద్దకం చెరిగిపోయి తికమక పడే బాధ ఉండదు.

కాలనీ పీసీఆర్

ఎనిమిది తెల్ల కాలనీలు, ఒక నీలం కాలనీ ఎంచుకోండి. టూత్‌పిక్‌తో కాలనీ అంచును తాకి, ముందు నంబరు వేసిన కొత్త ఆంపిసిలిన్ ప్లేటు మీద చిన్న గీత గీయండి. ఆ తర్వాతే అదే టూత్‌పిక్‌ను 50 మైక్రోలీటర్ల నీళ్ళున్న ట్యూబులో తిప్పండి. గీయడం మరిచిపోతే, బ్యాండు వచ్చిన కాలనీ ఏదో తెలిసినా అది చేతిలో ఉండదు. ట్యూబులను 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, 2 నిమిషాలు స్పిన్ చేసి, పైనున్న తేట నుంచి 1 మైక్రోలీటరు వాడాలి. కాలనీ మొత్తం గోకి వేస్తే పీసీఆర్ ఆగిపోతుంది. ఇక్కడ తక్కువే మంచిది.

20 మైక్రోలీటర్ల రియాక్షన్: రెండింతల టాక్ మాస్టర్ మిక్స్ 10, ఎం13 ఫార్వర్డ్, రివర్స్ ప్రైమర్లు 10 మైక్రోమోలార్‌వి 0.5 చొప్పున, నీళ్ళు 8, కాలనీ తేట 1. 95 డిగ్రీలు 5 నిమిషాలు; 95 దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర 1 నిమిషం చొప్పున 30 సార్లు; చివర 72 దగ్గర 5 నిమిషాలు. కాలనీ వేయని ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టండి.

1.5 శాతం అగరోజ్ జెల్ మీద ఖాళీ వెక్టర్‌కు ప్రైమర్లను బట్టి 100 నుంచి 150 బేస్ జతల బ్యాండు వస్తుంది. 700 ముక్క ఉన్నదానికి 800 దగ్గరలో వస్తుంది. నీలం కాలనీలో చిన్న బ్యాండు కనిపించడం ముఖ్యం. అది కూడా రాకపోతే తెల్లవాటిలో బ్యాండు లేకపోవడానికి అర్థమేమీ లేదు, పీసీఆరే నడవలేదు. ప్రైమర్ డైమర్ (ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని వచ్చే చిన్న ముక్క) కూడా కిందే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఖాళీ వెక్టర్ అనుకోవద్దు. నీలం కాలనీ లేన్‌ను, కాలనీ వేయని లేన్‌ను పక్కపక్కనే నడిపిస్తే తేడా తెలుస్తుంది.

రెండు ప్రైమర్లూ ముక్క లోపలివే వాడితే దాదాపు ప్రతి కాలనీ పాజిటివ్ అయి కూర్చుంటుంది. ప్లేటు మీద మనమే పరిచిన లైగేషన్ డీఎన్‌ఏ అగర్ పైన ఇంకా ఉంటుంది, టూత్‌పిక్ దాన్ని కూడా మోసుకొస్తుంది. కనీసం ఒక ప్రైమర్ వెక్టర్ మీదుండాలి. ఒకటి వెక్టర్‌ది, ఒకటి ముక్కది వాడితే ముక్క ఏ దిక్కున అతుక్కుందో కూడా తెలిసిపోతుంది.

వేల కాలనీల లైబ్రరీలో ఒక్క జన్యువు వెతకాల్సి వస్తే మాత్రం పీసీఆర్ సరిపోదు. గ్రన్‌స్టీన్, హాగ్నెస్ 1975లో చెప్పిన కాలనీ హైబ్రిడైజేషన్ దానికి దారి: కాలనీలను నైలాన్ పొర మీదికి అద్ది, క్షారంతో కణాలు పగలగొట్టి, డీఎన్‌ఏను పొరకు అతికించి, గుర్తు పెట్టిన ప్రోబ్‌తో వెతకడం. ఒక ముక్క క్లోన్ చేసే పనికి అంత ఆర్భాటం అక్కర్లేదు.

ప్లాస్మిడ్ తీసి కోసి చూడటం

పీసీఆర్‌లో నెగ్గిన రెండు మూడు కాలనీలను ఆంపిసిలిన్ కలిపిన 5 మి.లీ. ఎల్‌బీలో రాత్రంతా పెంచండి. 1.5 మి.లీ. తీసుకుని క్షార పద్ధతిలో ప్లాస్మిడ్ తీయాలి: మొదటి ద్రావణం 100 మైక్రోలీటర్లు, సోడియం హైడ్రాక్సైడ్, ఎస్‌డీఎస్ ఉన్న రెండో ద్రావణం 200, పొటాషియం అసిటేట్ 150. రెండో ద్రావణం ఆరోజుకారోజు కలుపుకోవాలి. చలికాలం పొద్దున ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుంటే కొంచెం వెచ్చబెట్టి వాడండి. అది పోశాక ట్యూబును నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి అంతే. వోర్టెక్స్ చేస్తే క్రోమోజోము తునకలై ప్లాస్మిడ్‌తో కలిసి వస్తుంది, జెల్ మీద మసకగా పరుచుకుంటుంది. ఐదు నిమిషాలకు మించి ఉంచితే ప్లాస్మిడ్ కూడా తిరిగి కోలుకోలేనంతగా విడిపోతుంది.

డైజెషన్ 20 మైక్రోలీటర్లు: ప్లాస్మిడ్ 500 నానోగ్రాములు, పదింతల బఫర్ 2, ఈకోఆర్1 ఒకటి, హిండ్3 ఒకటి, మిగతా నీళ్ళు. 37 డిగ్రీలు, గంట. రెండు ఎంజైములూ కలిపి 2 మైక్రోలీటర్లు మించకూడదు. ఎంజైము సగం గ్లిసరాల్‌లో వస్తుంది, రియాక్షన్‌లో గ్లిసరాల్ 5 శాతం దాటితే ఎంజైము తనది కాని చోట కూడా కోస్తుంది.

జెల్ మీద ప్రతి కాలనీకి మూడు లేన్లు పెట్టండి: కోయనిది, ఈకోఆర్1 ఒక్కదానితో కోసింది, రెండింటితో కోసింది. ఒక్క కోతకు 3.3 కిలోబేస్‌ల దగ్గర ఒకే బ్యాండు, రెండు కోతలకు 2.6 కిలోబేస్‌ల దగ్గర ఒకటి, 0.7 దగ్గర ఒకటి రావాలి. కోయని లేన్‌ను ల్యాడర్‌తో (సైజులు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల లేన్‌తో) పోల్చి సైజు రాయకండి, మెలిపడిన ప్లాస్మిడ్ తన సైజుకన్నా ముందుకు పరుగెడుతుంది. 0.7 బ్యాండు మసగ్గా ఉందని కంగారు పడొద్దు: మొత్తం డీఎన్‌ఏలో దాని వాటా ఐదో వంతు. 500 నానోగ్రాములు వేస్తే అక్కడ వచ్చేది 100. వంద నానోగ్రాములే వేశారనుకోండి, అక్కడ 20 మాత్రమే ఉంటుంది, కనపడీ కనపడనట్టు ఉంటుంది.

ముక్కను ఒకే ఎంజైముతో, ఉదాహరణకు ఈకోఆర్1 స్థానంలో పెట్టినట్టయితే దిక్కు చూడాలి. పీయూసీ19లో బీజీఎల్2 కోత స్థానం లేదు. మీ ముక్కలో ఒక చివరకు 150 బేస్ జతల దూరంలో ఆ స్థానం ఒకటుందనుకుందాం. హిండ్3, బీజీఎల్2 కలిపి కోస్తే ఒక దిక్కున అతుక్కున్నదానికి 200 దగ్గర, ఇంకో దిక్కున అతుక్కున్నదానికి 600 దగ్గర బ్యాండు వస్తుంది. ఈ లెక్క కాగితం మీద ముందే వేసుకోవాలి, జెల్ చూశాక కాదు.

సీక్వెన్సింగ్, దాచుకోవడం, పారేయడం

పీసీఆర్ ద్వారా తెచ్చిన ముక్క అయితే సీక్వెన్సింగ్ తప్పదు, టాక్ పాలిమరేజ్ తప్పులు రాస్తుంది, వాటిని జెల్ చూపించదు. మైక్రోలీటరుకు 50 నుంచి 100 నానోగ్రాముల ప్లాస్మిడ్ నీళ్ళలో లేదా ఈడీటీఏ లేని బఫర్‌లో పంపండి. శాంగర్ పద్ధతిలో ఒక ప్రైమర్‌తో 700 నుంచి 900 బేస్‌లు బాగా చదవొచ్చు, కానీ మొదటి 30, 40 అస్పష్టంగా ఉంటాయి. 700 ముక్కకు రెండు వైపుల నుంచీ చదివిస్తే అతుకులు రెండూ తేటగా వస్తాయి. వచ్చిన అక్షరాల ఫైలు ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా శిఖరాలున్న క్రొమాటోగ్రామ్ తెరవండి. ఒకేచోట రెండు శిఖరాలు చివరిదాకా కనిపిస్తే కాలనీ రెండు రకాల కలగలుపు, మళ్ళీ గీసి ఒంటరి కాలనీ తీయాలి.

హైదరాబాద్‌కు పంపేటప్పుడు ప్లాస్మిడ్‌కు ఐసు అక్కర్లేదు, ట్యూబు మూత బిగించి పారాఫిల్మ్ చుట్టి ఆర్టీసీ కార్గోలో వేసినా ఒక రోజులో ఏమీ కాదు. పంపేది డీఎన్‌ఏ మాత్రమే. బతికున్న రీకాంబినెంట్ కల్చర్లను మామూలు పార్శిల్లో పెట్టకూడదు. జన్యుమార్పిడి సూక్ష్మజీవులపై మన దేశంలో 1989 నిబంధనలు, 2017 మార్గదర్శకాలు ఉన్నాయి, సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. కాలేజీ ప్రాక్టికల్ అయినా పని మొదలుపెట్టే ముందు ఆ కాగితం పని చూసుకోండి.

నిర్ధారణ అయిన కాలనీ నుంచి రాత్రి పెంచిన కల్చర్ 700 మైక్రోలీటర్లు, స్టెరైల్ 50 శాతం గ్లిసరాల్ 300 కలిపి మైనస్ 80లో పెట్టండి, అది లేకపోతే రెండు ట్యూబులు మైనస్ 20లో. ప్లాస్మిడ్ డీఎన్‌ఏ కూడా విడిగా దాచండి, ఫ్రీజర్ చల్లదనం పోయి కణాలు చచ్చినా డీఎన్‌ఏ మిగులుతుంది. ట్యూబు మీద హోస్ట్, వెక్టర్, ముక్క, కాలనీ నంబరు, తేదీ రాయండి. వాడిన ప్లేట్లు, టూత్‌పిక్‌లు, మఖ్మల్ గుడ్డలు సంచిలో కట్టి 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్ళాలి. ద్రవ కల్చర్లకు 1 శాతం హైపోక్లోరైట్ కలిపి అరగంట ఉంచి సింకులో పోయొచ్చు. హైపోక్లోరైట్ పోసిన సీసాను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.